బెయిలు వచ్చింది, షూరిటీలు దొరకలేదు

జైలు గురించి, జైలు బయట ఎదురుచూసేవారి గురించి ప్రశ్నలు పంపమని కిందటి నెల కోరినప్పుడు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వచ్చినవాటిలో సగానికి పైగా తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు రాసినవే. న్యాయసేవాధికార సంస్థ తరఫున కొన్నేళ్లపాటు వారానికి ఒకసారి జైలుకు వెళ్లి వచ్చిన వకీలుగా నాకు తెలిసినంత మేరకు ఏడు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు తీసివేశాము.

ప్రశ్న: మా అబ్బాయి వయసు 23. సెల్‌ఫోను దొంగతనం కేసులో అరెస్టయి ఏడు నెలలుగా రిమాండులో ఉన్నాడు. అంతకుముందు ఏ కేసూ లేదు. రెండు నెలల కిందటే బెయిలు ఇచ్చారు గాని, 20 వేల రూపాయల చొప్పున ఇద్దరు షూరిటీలు కావాలన్నారు. మాది అద్దె ఇల్లు, మా ఆయన లేరు. బంధువులు పాసుపుస్తకం మాట ఎత్తగానే పని ఉందని లేచిపోయారు. కోర్టు దగ్గర ఒకాయన ఎనిమిది వేలు ఇస్తే షూరిటీలను తానే తెస్తానంటున్నాడు. చెవి కమ్మలు అమ్మి ఇవ్వమంటారా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఆ కమ్మలు మీ చెవులకే ఉండనివ్వండి. కోర్టు వరండాల్లో డబ్బు తీసుకొని షూరిటీ నిలబడేవారు చూపించే ఇంటి పన్ను రసీదులన్నీ నిజమైనవి కావు. ఒకే రసీదు పట్టుకొని పది కేసుల్లో సంతకం చేసినవారిని నేను చూశాను. అది దొంగ కాగితమని తేలిన రోజున బెయిలు రద్దు కావడమే కాకుండా, దొంగతనం కేసుకు ఫోర్జరీ కేసు కూడా తోడవుతుంది. ఆ రోజు ఆ పెద్దమనిషి ఏ వరండాలోనూ కనిపించడు.

మీ అబ్బాయి పరిస్థితిలో ఉన్నవారు దేశమంతటా వేల సంఖ్యలో ఉన్నారని గుర్తించి సుప్రీంకోర్టు 2023 జనవరి 31న కొన్ని స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. బెయిలు మంజూరైన ఏడు రోజుల్లోగా ఖైదీ విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంటు ఆ సంగతిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. ఆ సంస్థ ఒక పారాలీగల్ వాలంటీరునో (న్యాయ సహాయానికి తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్త), జైలుకు వెళ్లే వకీలునో పంపి, ఖైదీ ఎందుకు బయటికి రాలేకపోతున్నాడో తెలుసుకోవాలి. కుటుంబ ఆర్థిక పరిస్థితి మీద నివేదిక తయారుచేసి, షరతులు సడలించమని కోర్టును కోరవచ్చు. నెల దాటినా షూరిటీలు సమర్పించలేకపోతే, ఎవరూ దరఖాస్తు పెట్టకపోయినా కోర్టు తనంతట తానే ఆ షరతులను మార్చడం గురించి ఆలోచించవచ్చునని కూడా ఆ ఆదేశాల్లో ఉంది. మీకు రెండు నెలలు గడిచాయి. అంటే ఎక్కడో ఒక కాగితం ఒక బల్ల మీద ఆగిపోయిందన్నమాట. దాన్ని కదిలించడం మీ పని.

ఒక సంగతి చెబుతాను. ఒకసారి జైల్లోని న్యాయ సహాయ కేంద్రంలో కూర్చొని ఉండగా పంతొమ్మిదేళ్ల కుర్రవాడు వచ్చి, చొక్కా జేబులోంచి ఎనిమిది మడతలు పెట్టిన కాగితం తీసి జాగ్రత్తగా విప్పాడు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. అది అతని బెయిలు ఉత్తర్వు నకలు. అప్పటికి నాలుగు నెలల పాతది. "ఇది ఎవరికి ఇవ్వాలి సార్?" అని అడిగాడు. అన్నాళ్లూ ఆ కాగితాన్ని పగలు జేబులో, రాత్రి తల కింద పెట్టుకున్నాడే తప్ప, దానితో ఏమి చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

అందుచేత మీరు సోమవారం ఉదయం నేరుగా మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి. వెళ్లలేకపోతే 15100 నంబరుకు ఫోను చేయండి, అది ఉచితం. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలును ఏర్పాటు చేయాలి. అక్కడ రెండు విషయాలు అడగండి. ఒకటి, షూరిటీ షరతు సడలించమని పిటిషను వేయమనండి. రెండు, పేద ఖైదీలకు సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన పథకం కింద మీ అబ్బాయి పేరు పంపమనండి. ఆ పథకం మొదలైనప్పుడు విచారణ ఖైదీల బెయిలు కోసం 40 వేల రూపాయల వరకు, శిక్ష పడి జరిమానా కట్టలేక ఉండిపోయినవారికి 25 వేల వరకు ఇచ్చేలా నిబంధనలు పెట్టారు. మత్తుపదార్థాలు, మనీలాండరింగ్, అవినీతి, ఉగ్రవాద నిరోధక చట్టాల కింద కేసులున్నవారికి ఇది వర్తించదు. మీ అబ్బాయికి ఆ అడ్డంకి లేదు.

ఇక మూడో దారి కొత్త చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారు, తమ మీద మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే వారిని బాండు మీద విడుదల చేయాలి. మీరు పంపిన ఎఫ్ఐఆర్ నకలులో ఉన్న నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, అంటే మీ అబ్బాయి విషయంలో ఆ గడువు ఏడాది. ఇక్కడ బాండు అన్న మాటను గమనించండి. ఆ చట్టం నిర్వచనంలో బాండు అంటే షూరిటీలు లేకుండా ఖైదీ సొంతంగా రాసి ఇచ్చే పూచీకత్తు. గడువు పూర్తికాగానే కోర్టుకు రాయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు, ఒకటి కన్న ఎక్కువ కేసులు పెండింగులో ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. చట్టం అమల్లోకి రాకముందు నమోదైన కేసులకు కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. అయితే ఆ ఏడాది నిండేదాకా ఆగవద్దు, మొదటి రెండు దారులూ ఇప్పుడే తెరిచి ఉన్నాయి.

స్థానిక షూరిటీలే కావాలని పట్టుబట్టడం తప్పని 1978లోనే మోతీరాం కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ చెప్పారు. ఒక తాపీమేస్త్రీకి 10 వేల షూరిటీ అడిగి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పిపంపిన కేసు అది. బస్తర్‌లోనో పోర్టుబ్లెయిర్‌లోనో పట్టుబడ్డ దక్షిణాది మనిషి అక్కడ ఆస్తిపరులను ఎక్కడినుంచి తెస్తాడని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు యాభై ఏళ్లు దగ్గరపడుతున్నా మెజిస్ట్రేటు కోర్టుల్లో ఇంకా ఇంటి పన్ను రసీదే అడుగుతున్నారు.

ప్రశ్న: నేను రిటైర్డు ఉపాధ్యాయుడిని. ఖైదీలకు మాంసాహారం, టీవీలు, ఆటల పోటీలు అని పత్రికల్లో చదువుతున్నాను. నేరం చేసినవాడిని పన్ను డబ్బుతో మేపడమేనా సంస్కరణ? దెబ్బతిన్నవారి గోడు ఎవరికి పట్టింది?
— నంద్యాల

జవాబు: మాస్టారూ, మీ రెండో ప్రశ్నే అసలైన ప్రశ్న. దానికి తర్వాత వస్తాను. మొదటిదానిలో ఒక చిన్న పొరపాటు ఉంది. జైల్లో ఉన్నవారందరినీ మీరు నేరం చేసినవారు అన్నారు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే నలుగురిలో ముగ్గురు, ఇంకా విచారణ పూర్తికానివారు. ఆ జైళ్లన్నింటిలో కలిపి ఉన్న చోటు 4,36,266 మందికే. మరో విధంగా చెప్పాలంటే, తీర్పు రానివారితోనే దేశంలోని జైళ్లు దాదాపు నిండిపోతున్నాయి. శిక్ష పడినవారు ఆపైన అదనం. మనం జైలు సంస్కరణ అని మాట్లాడేదంతా, పని నేర్పడం, చదువు చెప్పడం, కౌన్సెలింగు, అన్నీ ఆ నాలుగోవాడి కోసం తయారైనవి. మిగిలిన ముగ్గురికి పని చెప్పే అధికారం కూడా జైలుకు లేదు. వారు పొద్దున బ్యారక్ తలుపు తెరిచినప్పటినుంచి సాయంత్రం లెక్కపెట్టి లోపల వేసేదాకా ఊరికే కూర్చుంటారు. ఏళ్ల తరబడి అలా కూర్చోబెట్టి, చివరికి నిర్దోషి అని పంపేస్తాము. వారం ఒకరోజు పెట్టే కోడికూర కన్న ఇది ఎక్కువ ఖరీదైన వ్యవహారమని నా అభిప్రాయం.

శిక్ష పడినవారి విషయానికి వస్తే, వారిని మనం ఊరికే మేపడం లేదు. చంచల్‌గూడ జైలు దగ్గర పెట్రోలు బంకులో మీ బండికి పెట్రోలు పోసే మనిషి ఖైదీయో, శిక్ష ముగించుకున్నవాడో అయి ఉండవచ్చు. తెలంగాణ జైళ్లలో తయారైన సబ్బులు, ఫినాయిలు, బల్లలు, దుప్పట్లు మై నేషన్ అన్న పేరుతో అమ్ముతున్నారు. అనంతపురం దగ్గర, చర్లపల్లిలో ఉన్న ఖైదీల వ్యవసాయ క్షేత్రాల్లో పొలం పనులు చేసేవారు పెద్ద గోడల మధ్య ఉండరు. రాజస్థాన్‌లోని సంగనేర్‌లో 1963 నుంచి నడుస్తున్న బహిరంగ కారాగారంలోనైతే ఖైదీలు భార్యాపిల్లలతో కాపురముంటూ, పగలు ఊళ్లోకి పనికి వెళ్లి సాయంత్రం హాజరుకు తిరిగివస్తారు. అలాంటి చోట్లకు పంపేది ఏళ్ల తరబడి మంచి నడవడి చూపినవారినే కాబట్టి అందరికీ అదే మందు అని నేను అనను.

ఇప్పుడు దెబ్బతిన్నవారి సంగతి. ఖైదీల చేత పని చేయించుకుంటే న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో గుజరాత్ కేసులో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, ఆ కూలిలో కొంత భాగం బాధితులకు చేరేలా రాష్ట్రాలు ఏర్పాటు చేసుకోవచ్చునని కూడా చెప్పింది. నేర బాధితులకు ప్రభుత్వమే పరిహారం ఇచ్చే పథకం ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357-ఏ సెక్షను చేర్చారు, కొత్త సంహితలో అది 396. నేరస్థుడు దొరకకపోయినా, కేసు వీగిపోయినా బాధితులు ఆ పరిహారం అడగవచ్చు. కాని అడిగేవారు బహు తక్కువ. హత్య జరిగిన ఇంటికి పోలీసులు వస్తారు, విలేకరులు వస్తారు. ఈ పథకం సంగతి చెప్పడానికి మాత్రం ఎవరూ రారు. మీరు చదువుకున్నవారు, మీ ఊళ్లో అలాంటి ఇల్లు ఉంటే వారిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి ఒకసారి తీసుకువెళ్లండి.

ప్రశ్న: యావజ్జీవం అంటే 14 ఏళ్లేనంటారు. మా మామయ్య 15 ఏళ్లు పూర్తిచేశాడు. ఇంకా ఎందుకు వదలడం లేదు? పెరోల్‌కు, ఫర్లోకు తేడా ఏమిటి?
— కరీంనగర్

జవాబు: యావజ్జీవం అంటే జీవితాంతమే. 1961లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చిచెప్పింది. 14 ఏళ్ల లెక్క వేరే చోటినుంచి వచ్చింది. మరణశిక్షకు అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడినవారిని, శిక్ష తగ్గింపులు ఎన్ని వచ్చినా, అసలు 14 ఏళ్లు లోపల గడపకుండా వదలకూడదని 1978లో చట్టం తెచ్చారు. అంటే అది విడుదల తేదీ కాదు, అంతకన్న ముందు అడగడానికి వీల్లేని హద్దు. ఆ తర్వాత వదలాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వ విధానాన్ని బట్టి ఉంటుంది. గణతంత్ర దినం, ఆగస్టు 15, గాంధీ జయంతి సందర్భాల్లో వచ్చే జీవోల్లో ఏ నేరాలవారికి వర్తించదో కూడా రాస్తారు. అయితే ఒక మంచి మార్పు వచ్చింది. విధానం ఉన్న రాష్ట్రాల్లో అర్హులైన ఖైదీ దరఖాస్తు పెట్టకపోయినా ప్రభుత్వమే అతని పేరు పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి మామయ్య పేరు పరిశీలనకు వెళ్లిందా, వెళితే ఏ కారణంతో తిరస్కరించారు అని సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా అడగండి. పెరోల్ ఒక అవసరానికి, చావుకో పెళ్లికో, ఇచ్చే సెలవు. ఫర్లో చాలాకాలం మంచిగా నడుచుకున్నందుకు ఇచ్చేది. సాధారణంగా ఫర్లో రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు కలవవు.

ప్రశ్న: మా కోడలు జైల్లో ఉంది. మనవరాలికి నాలుగేళ్లు, తల్లి దగ్గరే లోపల పెరుగుతోంది. ఆరేళ్లు నిండితే ఎవరికో ఇచ్చేస్తారట, నిజమేనా? పిల్ల పుట్టింది కూడా కోడలు జైల్లో ఉండగానే. రేపు బడిలో పుట్టినచోటు జైలని రాస్తారా?
— ఒక నాయనమ్మ, మదనపల్లె

జవాబు: రాయకూడదమ్మా. ఈ విషయంలో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఇచ్చిన తీర్పు మన రాష్ట్రం పేరుతోనే ఉంది, ఆర్.డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య నడిచిన కేసు అది. పుట్టిన చోటుగా జైలు పేరు రాయకుండా, ఆ ప్రాంతం పేరు మాత్రమే నమోదు చేయాలని అందులో ఉంది. జైల్లో పుట్టిన బిడ్డలకు వీలైనంతవరకు నామకరణ వేడుకకు ఏర్పాట్లు చేయాలన్న వాక్యం కూడా ఉంది. తీర్పుల్లో బారసాల ప్రస్తావన చదవడం నాకు అదే మొదటిసారి.

ఆరేళ్లు నిండాక పిల్లను లోపల ఉంచరన్న మాట నిజం. కాని ఎవరికో ఇచ్చేయరు. తల్లి ఎవరికి అప్పగించమంటే వారికి అప్పగిస్తారు. అలాంటివారు లేనప్పుడే సంక్షేమ శాఖ వసతి గృహానికి పంపుతారు. అక్కడికి పంపినా వారానికి ఒకసారైనా తల్లిని చూపించాలి. మీ పేరు కోడలు ఇప్పుడే రాసి ఇస్తే మంచిది. ఆరో పుట్టినరోజుదాకా ఆగవద్దు. మీకూ కోడలికీ మాటలు లేవని ఉత్తరం చివర రాశారు. అయినా ములాఖత్‌కు వెళ్లండి. ప్రయాణం కష్టమైతే ఈ-ములాఖత్ పద్ధతిలో వీడియోలో మాట్లాడే వీలుంది, దానికి పేరు నమోదు చేయించడం మీ వీధిలో కాలేజీకి వెళ్లే ఏ పిల్లవాడికైనా పది నిమిషాల పని.

పిల్లను ఇప్పటినుంచే అప్పుడప్పుడు బయటికి తీసుకురావడానికి అనుమతి అడగండి. నాకు తెలిసిన ఒక పాప తల్లితో పాటు విడుదలై అమ్మమ్మ ఇంటికి వచ్చాక, దగ్గరగా వేసి ఉన్న తలుపు ముందు నిలబడి ఉండేదట. గడియ లేదు, తాళం లేదు, తోస్తే తెరుచుకుంటుంది. అయినా ఎవరైనా వచ్చి తీస్తారని నిలబడేది.

ప్రశ్న: కాలేజీ గొడవలో నా మీద కేసు పెట్టారు, 12 రోజులు జైల్లో ఉన్నాను, తర్వాత కేసు కొట్టేశారు. ఇప్పుడు ప్రభుత్వోద్యోగానికి ఎంపికయ్యాను. ధ్రువీకరణ పత్రంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని ఉంది. లేదని రాయమని స్నేహితులు అంటున్నారు.
— ఒక అభ్యర్థి, సిద్దిపేట

జవాబు: తమ్ముడూ, ఉన్నది ఉన్నట్టు రాయి. పోలీసు విచారణలో అది ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు కేసు కన్న అబద్ధమే పెద్ద నేరమవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయాన్ని వివరంగా చర్చించింది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చితీరాలని లేదు. నియమించే అధికారి నేర స్వభావాన్ని, ఉద్యోగ స్వభావాన్ని, నిర్దోషిగా తేలిన తీరును చూసి నిర్ణయించుకోవచ్చు. కాని చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పెట్టిన కేసులాంటివాటిని పట్టించుకోకుండా వదిలేయడానికి కూడా ఆ తీర్పు చోటిచ్చింది. తీర్పు నకలును ధ్రువీకరించి పత్రంతో జతచేయి. సాక్ష్యం లేక కొట్టేశారా, సంశయ లాభం ఇచ్చారా అన్నది ఆ నకలులో ఏ పేరాలో ఉందో ముందు నీవే చదువుకో, విచారణలో అడగవచ్చు.

ప్రశ్న: మాది స్టువర్టుపురం. హైదరాబాద్‌లో హాస్టల్లో ఊరి పేరు చెబితే పర్సులు జాగ్రత్త అని నవ్వుతారు. జైళ్లలో కులాన్ని బట్టి పని ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పిందని విన్నాను. ఆ తీర్పుకు మా ఊరికి సంబంధం ఏమైనా ఉందా?
— ఒక విద్యార్థిని

జవాబు: ఉందమ్మా, చాలా దగ్గరి సంబంధం ఉంది. మనుషులను సంస్కరిస్తామని చెప్పి ఏకంగా ఒక ఊరికి ఊరినే జైలుగా కట్టిన చోటు మీది. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకలవారిని ఆ జాబితాలో చేర్చారు. నేరం చేసినవాడిని కాదు, ఆ కులంలో పుట్టినవాడిని నేరస్థుడని రాసుకోవడమే ఆ చట్టం. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే బాపట్లకు, చీరాలకు మధ్య ఒక సెటిల్‌మెంటు ఏర్పాటు చేసి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, చీరాల పొగాకు కంపెనీలో పని చూపించారు. దాంతో పాటు హాజరు పట్టీ కూడా పెట్టారు. పాసు లేకుండా ఊరు దాటితే శిక్ష. అన్నం పెట్టిన చేతితోనే హాజరు వేసుకున్నారు కాబట్టి, తర్వాత తరాలకు అన్నం గుర్తులేదు, హాజరే గుర్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. కాని దాని స్థానంలో వచ్చిన అలవాటు నేరస్థుల చట్టాలు, పోలీసు స్టేషన్లలోని పాత అలవాట్లు పోలేదు. 1970ల్లో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, కవి జాషువా కుమార్తె హేమలత లవణం మీ ఊరు వచ్చి, సంస్కార్ సంస్థ ద్వారా పనిచేసినప్పుడు వారు మొదట చేసినది దొంగలను సంస్కరించడం కాదు. ఆ ఇళ్లలో కూర్చొని వారి మాట వినడం, వారి తరఫున పోలీసులతో, ప్రభుత్వంతో మాట్లాడడం.

ఇక మీరు అడిగిన తీర్పు 2024 అక్టోబరు 3న వచ్చింది. సుకన్య శాంత అనే పాత్రికేయురాలు జైళ్లలో కుల వివక్ష మీద పరిశోధించి రాసి, ఆ పైన కోర్టుకు వెళ్లారు. పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో వంట ఒక కులంవారికి, పాయఖానాలు కడగడం మరో కులంవారికి అని రాసి ఉండేది. సంచార జాతులవారికి పారిపోయే గుణం పుట్టుకతోనే ఉంటుందన్నట్టు రాసిన నిబంధనలు కూడా కొన్ని రాష్ట్రాల్లో మిగిలి ఉన్నాయి. అవన్నీ రాజ్యాంగ విరుద్ధమని, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసివేయాలని, మూడు నెలల్లో మాన్యువళ్లు సవరించాలని కోర్టు ఆదేశించింది. అలవాటు నేరస్థుడన్న మాటను కూడా చట్టంలో ఉన్న నిర్వచనం మేరకే వాడాలని చెప్పింది. ఆ తీర్పులో నేరస్థ జాతుల చట్టం చరిత్ర ఎంతో దూరం నడుస్తుంది. తీరిక ఉన్నప్పుడు చదవండి, మీ తాతముత్తాతల చేత వేలిముద్రలు ఎందుకు వేయించారో అందులో తెలుస్తుంది. హాస్టల్లో నవ్వినవారికి ఏమి చెప్పాలో నేను చెప్పలేను; ఆ వయసులో నేను కూడా నవ్వినవాడినే.

ప్రశ్న: హత్య కేసులో 16 ఏళ్లు శిక్ష అనుభవించి, సత్ప్రవర్తన కింద విడుదలై ఐదు నెలలైంది. పట్నంలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. రాత్రి లైటు ఆర్పితే నిద్ర పట్టదు, వెలుగుంటే వాళ్లకు పట్టదు. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు ఎప్పుడో పోయింది, రేషను కార్డులో పేరు కొట్టేశారు. లోపల వడ్రంగం నేర్చుకున్నాను, పని కోసం వెళితే ఇన్నాళ్లు ఎక్కడ చేశావని అడుగుతున్నారు. వచ్చే నెల మా ఊళ్లో మనవరాలి బారసాల. చనిపోయినవారి ఇల్లు కూడా ఆ వీధిలోనే. వెళ్లవచ్చునా?
— పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: లైటు సంగతి మీ ఒక్కరిదే కాదు. బ్యారక్‌లో రాత్రంతా దీపం వెలుగుతూ ఉంటుంది కాబట్టి, ఏళ్ల తరబడి లోపల ఉండి వచ్చినవారిలో చాలామంది ఈ మాట చెబుతారు. వరండాలో చిన్న బల్బు వేసి, మీ మంచం ఆ వైపుకు జరుపుకోండి. అబ్బాయికి కారణం చెప్పండి. చాదస్తమని అనుకుంటూ ఉండవచ్చు.

కాగితాల పని ఒక వరుసలో చేస్తేనే తెములుతుంది. మొదట ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్రలతో కొత్త ఫోను నంబరు చేర్పించుకోండి. అది కాకుండా బ్యాంకుగాని, రేషనుగాని కదలవు. తర్వాత అబ్బాయి కార్డులో మీ పేరు చేర్చమని అడగండి. జైల్లో ఉన్నంతకాలం ఓటు వేయడానికి వీల్లేదు గాని, బయటికి వచ్చాక ఆ అడ్డు లేదు. ఓటరు జాబితాలో పేరు లేకపోతే ఆరో నంబరు ఫారం నింపండి. పని నేర్చుకున్నట్టు జైలు ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే దాచుకోవద్దు. ఎక్కడ చేశావని అడిగిన మేస్త్రీకి మొదటిరోజే నిజం చెప్పమని నా సలహా. నలుగురు వద్దంటారు, ఐదోవాడు పెట్టుకుంటాడు. దాచి చేరితే ఎవరో ఒకరు చెప్పిన రోజున ఆ పని, ఆ నెల కూలి రెండూ పోతాయి.

ఊరి ప్రయాణం గురించి. ముందు మీ విడుదల ఉత్తర్వు తీసి చదవండి, లేదా ఎవరిచేతనైనా చదివించుకోండి. ఎక్కడ ఉండాలి, ఏ పోలీసు స్టేషనుకు, ఏ ప్రొబేషను అధికారికి ఎప్పుడెప్పుడు కనిపించాలి అన్న షరతులు అందులో ఉంటాయి. వాటిని దాటితే విడుదల రద్దయ్యే ప్రమాదముంది. షరతుల్లో ఆ ఊరి ప్రస్తావన లేకపోతే చట్టం మిమ్మల్ని ఆపదు. అయినా ఈసారికి వెళ్లవద్దనే నేను చెబుతాను. మీకు 16 ఏళ్లకు శిక్ష ముగిసింది. ఆ ఇంటివారికి అది ఏ తేదీకి ముగిసిందని ఎవరూ కాగితం ఇవ్వలేదు. సన్నాయి మోగుతున్న రోజున మీరు ఆ వీధిలో కనిపిస్తే ఏమవుతుందో మీకే బాగా తెలుసు. ముందు ఊరి పెద్దల్లో ఇరువైపుల మాట వినే మనిషి ఎవరైనా ఉంటే, అతని ద్వారా మీరు రావాలనుకుంటున్న సంగతి వారికి తెలియజేయండి. జవాబు ఏడాదికి రావచ్చు, రాకపోవచ్చు. ఈలోగా అమ్మాయినే పసిపిల్లను తీసుకొని పట్నం రమ్మనండి.

బారసాలకు ఇంకా మూడు వారాలు ఉందని రాశారు. ఉయ్యాల మీరే చేసి పంపించవచ్చు.